పన్నెండు నుంచి నాలుగు దాకా మోగని ఫోన్

ఏలూరులో మా వీధివాళ్లకు ఫోన్‌తో ఏ చిక్కు వచ్చినా సాయంత్రం మా వరండాలోకి వస్తారు. తాడేపల్లిగూడెంలోని ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు మిషన్ ఫోర్‌మన్‌గా పనిచేశాను. రోజూ ప్యాసింజర్ బండిలో వెళ్లి వచ్చేవాణ్ణి. అదే పెట్టెలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కేవారు. స్మార్ట్‌ఫోన్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో వాళ్లను ఒక్కొక్క మాటా అడిగి తెలుసుకున్నాను. వాళ్లు విసుక్కోకుండా చెప్పేవారు. రిటైరయ్యాక నేనూ అలాగే అందరికీ చెబుతున్నానని అనుకుంటూ వచ్చాను.

మా ఎదురింటాయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆయనకు సందేహాలెక్కువ.

"ర్యామ్ ఎన్నో జీబీలంటారు, స్టోరేజ్ ఎన్నో జీబీలంటారు. రెండూ జీబీలే అయినప్పుడు రెండు పేర్లెందుకండీ?" అని అడిగాడొకసారి.

"మిల్లులో గోడౌన్ ఉంటుంది కదండీ, అది స్టోరేజ్. బస్తాలు అక్కడ ఎన్నాళ్లైనా ఉంటాయి. మిషన్ నెత్తి మీద హాపర్ ఉంటుంది. ఇప్పుడు ఆడాల్సిన ధాన్యం అందులో పోస్తాం. అది ర్యామ్. గోడౌన్ ఎంత పెద్దదైనా హాపర్ చిన్నదైతే మిషన్ ఈడుస్తూనే ఉంటుంది."

"మరి హాట్‌స్పాట్?"

"మీ బోదెకు గండి కొట్టి పక్క చేలోకి నీళ్లు వదలడమే. తగ్గేవి మీ నీళ్లే."

"అయితే మా అల్లుడొచ్చినప్పుడు గండి పూడ్చెయ్యాలండీ" అని ఆయన పడీపడీ నవ్వాడు.

ఈ పాఠాలన్నీ జరిగేటప్పుడు మా ఆవిడ కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడేది. నేను గ్లాసు అందుకునేవాణ్ణి గానీ ఆమె ఎందుకు నిలబడిందో ఆలోచించలేదు.

ఆమె కూడా అడిగేది. "ఏవండీ, ఇది రోజూ అప్‌డేట్ చెయ్యమంటుంది. అవుననాలా, వద్దనాలా?" అనేది. నేను ఫోన్ ఆమె చేతిలోంచి తీసుకుని, నొక్కాల్సింది నొక్కేసి, తిరిగి ఇచ్చేవాణ్ణి.

"ఏం చేశారండీ?"

"నీకెందుకు? పనైపోయిందిగా."

ఎదురింటాయనకు అరగంట చెప్పిన మనిషిని ఆమెకు అర నిమిషం చెప్పలేదు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. మానేసిందని కూడా నేను గమనించలేదు. ఫోన్ బాగా పనిచేస్తోంది కాబోలనుకున్నాను. ఇంట్లో ఒక మనిషి మనల్ని అడగడం మానేస్తే ఏం పోతుందో నాకు పోయిన ఏడాదే తెలిసింది.

పోయిన ఏడాది ఆమె కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఎడమ కంటిలో ఇంకా మసకే. కొత్త కళ్లజోడు నెల తర్వాత గానీ ఇవ్వలేమన్నారు. దుమ్ములో తిరగొద్దని, మధ్యాహ్నం పడుకోమని డాక్టరుగారు చెప్పారు. అప్పుడు నేను ఆమె ఫోన్‌లో మూడు పనులు చేశాను. ఒక్కదానికీ ఆమెను అడగలేదు.

మొదటిది, డోంట్ డిస్టర్బ్ పెట్టాను. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎవరు చేసినా మోగదు. లోన్ కావాలా అంటూ వచ్చే కాల్స్ ఆమె నిద్ర చెడగొడుతున్నాయని పెట్టాను. రెండోది, అందులో ఉన్న పేర్లన్నీ ఇంటిపేర్లతో సహా ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. ఆమె చదివేది తెలుగు మాత్రమే. మూడోది, పక్క బటన్ నొక్కి పట్టుకుని ఫలానావారికి ఫోన్ చెయ్యి అంటే చాలు, కాల్ వెళ్లేలా చేశాను. తెర చూడక్కర్లేదు.

"ఏదీ, నా పేరు చెప్పి చూడు" అన్నాను.

ఆమె బటన్ నొక్కింది. మాట్లాడలేదు. ఫోన్ కాసేపు విని ఊరుకుంది.

"తర్వాత చూద్దాంలెండి."

"నీకు నేర్పడం నా వల్ల కాదు" అని లేచిపోయాను.

పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. ఆమె ఒక్కసారి కూడా నా పేరు పలకలేదు. రేషన్ ఆఫీసులో భర్త పేరేంటని అడిగితే నా వైపు చూసేది. నేను లేకపోతే పక్కనున్నవాళ్ల చేత చెప్పించేది. మా అత్తగారూ అంతే, మా అమ్మా అంతే. ఇదంతా నాకు తెలియనిది కాదు. తెలిసీ, ఆమె వాడుకోవాల్సిన సదుపాయానికి నా పేరే తాళంచెవిగా పెట్టాను.

ఆపరేషనయిన మూడో వారంలో కొల్లేరు లంకల్లో ఉండే మా మరదలింట్లో సత్యనారాయణ వ్రతం. వాళ్లే కారులో వచ్చి తీసుకెళ్లారు. మర్నాడు పదకొండు గంటలకు ఏలూరు బస్సు ఎక్కించి, "కండక్టరుకు చెప్పామండీ బావగారూ, కొత్త బస్టాండులో దింపుతాడు" అని నాకు ఫోన్ చేశారు. పన్నెండున్నరకల్లా బస్టాండుకు వెళ్లి నిలబడ్డాను.

ఒంటిగంటయినా బస్సు రాలేదు. ఫోన్ చేశాను. రింగవుతోంది, తియ్యడం లేదు. మళ్లీ చేశాను. సంచి అడుగున పడేసి ఉంటుందని కోపం వచ్చింది. ఒకటిన్నరకు విచారణ కిటికీలో అడిగితే ఆ బస్సు దారిలో పాడైందని, జనాన్ని వెనక బస్సులో ఎక్కించారని చెప్పారు. వెనక బస్సు అప్పటికే వచ్చి వెళ్లింది. అందులోంచి ఆమె దిగలేదు. అప్పుడు కోపం పోయి మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. రెండు వైపులా చేపల చెరువులు తప్ప ఏమీ లేని రోడ్డు. లారీల దుమ్ము. సరిగ్గా కనపడని మనిషి.

అక్కడ జరిగింది నాకు తర్వాత తెలిసింది. వెనక బస్సు కిక్కిరిసి వచ్చింది. తోపులాటలో ఆమెకు మెట్టు కనపడలేదు. ఇంకో బస్సు వస్తుంది, నీడన కూర్చోమని చెప్పి కండక్టరు వెళ్లిపోయాడు. పక్కనే చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డు ఉంది. ఐసు కొట్టి ట్రేలలో నింపుతున్న ఆడవాళ్లలో ఒక పెద్దావిడ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఒక ట్రే బోర్లించి కూర్చోబెట్టింది.

"మీ ఆయనకి ఫోన్ చెయ్యండమ్మా."

"తెర మీద నాకేం కనపడదమ్మా."

"నాది బటన్ ఫోనండీ, మీ దాని సంగతి నాకు తెలీదు. నంబరు చెప్పండి, నా దాంతో కొడతాను."

మా ఆవిడకు నోటికి వచ్చింది మా పాత ల్యాండ్‌లైన్ నంబరొక్కటే. అది తీసేసి పదేళ్లయింది.

"పక్క బటన్ నొక్కి పేరు చెబితే వెళ్తుందంట" అంది చివరికి.

"మరి చెప్పండి."

ఆమె బటన్ మీద వేలు పెట్టి, తీసేసింది.

"ఏంటమ్మా, పోట్లాడుకున్నారా?"

"లేదమ్మా. ఆయన పేరు..."

పెద్దావిడకు వెంటనే అర్థమైంది. "ఓస్, అదా! మేమూ చెప్పంలెండి. ఏ పేరో జాడ చెప్పండి, మీ ఆయన్ని నేను పిలుస్తాను."

"చిన తిరుపతి కొండ మీద ఆయన."

"ఆయనకి వెయ్యి పేర్లు కదమ్మా!"

ద్వారకా తిరుమల స్వామి పేరు ఈ చుట్టుపక్కల ఇంటికొకరికి ఉంటుంది. మా ఆవిడ ఫోన్‌లోనే ఎంతమందో. ఆమె బటన్ నొక్కి పట్టుకుంటే, షెడ్డులోని ఆడవాళ్లు ఐసు ముక్కలు పక్కన పెట్టి ఒక్కొక్కరూ ఒక్కో పేరు ఫోన్‌కు చెప్పారు. మొదటి పేరుకు కుళాయిలు బాగుచేసే అతను పలికి, ఎల్లుండి వస్తానని పెట్టేశాడు. రెండో పేరుకు ఎవరూ ఎత్తలేదు. మూడోసారి మా ఎదురింటాయన ఎత్తాడు. ఆయనదీ నా పేరే. ఆయన మా ఆవిడ గొంతు గుర్తుపట్టి, ఎక్కడుందో పెద్దావిడను అడిగి, నాకు ఫోన్ చేశాడు.

ఆటో మాట్లాడుకుని వెళ్లాను. షెడ్డులో ఆమె ఫోన్‌ను రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరేనాండీ కొండ మీద ఆయన? మీ కోసం ఊరందరినీ పిలిచామండీ. ఎల్లుండి కుళాయిలాయన వస్తాడంట, ఇంట్లో ఉండండి."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె బాగానే ఉందా అనీ అడగలేదు. "ఫోన్ ఎందుకు తియ్యలేదు?" అన్నాను, అంతమంది ముందు.

"మోగలేదండీ."

ఫోన్ తీసుకుని చూశాను. పైన మూలన చిన్న చందమామ బొమ్మ. కింద నా మిస్డ్ కాల్స్ పదకొండు. డోంట్ డిస్టర్బ్‌లో కావలసినవాళ్ల పేర్లు చేరిస్తే వాళ్ల కాల్స్ మాత్రం మోగుతాయి. ఆ సంగతి ఎంతమందికో చెప్పినవాణ్ణి, నా పేరు చేర్చడం మరిచిపోయాను.

"ఇక్కడ సిగ్నల్ ఉండదులే" అన్నాను.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆటోలో ఆమె కంట్లో చుక్కల మందు వేశాను. కొల్లేటి గాలికి ఆమె కొంగు ఎగిరిపోకుండా పట్టుకున్నాను. ఆమె థాంక్స్ చెబుతున్నట్టు నా చెయ్యి నొక్కింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

నాలుగు రోజులు దాచాను. అయిదో రోజు ఎదురింటాయన ఆమెను చూడ్డానికి వచ్చాడు. ఆ లంకల్లో సిగ్నల్ ఉండదంటండీ, అందుకే మావారి ఫోన్ నాకు అందలేదు అని ఆమె చెబుతోంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అదేంటమ్మా, మీ మాట నాకు పక్క గదిలోంచి మాట్లాడినట్టే వినపడిందే?"

ఆయన నా వైపు చూశాడు. ఇక దాచలేకపోయాను.

"సిగ్నల్ ఉందండీ. మోగకుండా చేసింది నేనే. ఆవిడ నిద్రపోవాలని పెట్టాను. చెప్పలేదు. మర్చిపోయాను. తర్వాత అబద్ధం చెప్పాను."

ఆయన గ్లాసు కింద పెట్టి, పనుందని మెల్లిగా వెళ్లిపోయాడు. మా ఆవిడ ఆయన గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"అయితే ఆ రోజు మీరు ఫోన్ చేశారా?"

"పదకొండు సార్లు."

"షెడ్డులో వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయండీ. సిగ్నల్ లేదని మీరన్నప్పుడే అబద్ధమని తెలిసింది. అసలు మీరు చెయ్యనే లేదేమో, అది దాచుకోడానికి అన్నారేమో అనుకున్నాను."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"మిమ్మల్నా?" అంది. కోపంగా కాదు. అడగడం అనేదొకటుందని మరిచిపోయినట్టు అంది. ఆ ఒక్క మాట నన్ను ఎంత తిట్టిందో ఆమెకు తెలియదు.

మర్నాడు ఉదయం ఆమె పక్కన కూర్చుని, ఫోన్‌లో పేర్లన్నీ తెలుగులోకి మారుస్తానన్నాను. ఈసారి ఒక్కొక్కటీ అడిగి రాశాను. కుళాయిలాయన, చెల్లి, గ్యాస్ అబ్బాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"నన్నేమని రాయమంటావు?"

"మావారు అని రాయండి" అని, ముఖం పక్కకు తిప్పుకుంది.

రాశాను. ఆమె పక్క బటన్ నొక్కి, ఫోన్‌ను నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని, "మావారికి ఫోన్ చెయ్యి" అంది. నా చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఇద్దరం ఒకే మంచం మీద కూర్చున్నాం.

"తియ్యండి మరి" అంది. తీశాను.

"వినపడుతోందాండీ?"

"వినపడుతోంది."

"ఆ చందమామ ఉంది చూశారూ, అది ఎలా పెట్టాలో, ఎలా తియ్యాలో చెప్పండి. మెల్లిగా చెప్పండి. నేనే నొక్కుతాను."

చెప్పడం మొదలుపెట్టాను. కాల్ కట్ చెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. మూడో మెట్టు దగ్గర ఆమె వేలు జారి వేరే పేజీలోకి వెళ్లిపోయింది.

"పోయింది. మళ్లీ మొదట్నించి చెప్పండి" అంది.

మొదట్నించి చెప్పాను.