మేకలు కోయని లూర్దుమాత పండుగ

2003 జూన్‌లో నన్ను దుమ్ముగూడెం మండలంలోని ఒక పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. మా శాఖలో డాక్టరు హోదాకు అది మొదటి మెట్టు. పైన భద్రాచలంలో ఏడీ అని పిలిచే అసిస్టెంట్ డైరెక్టరు, ఆ పైన ఖమ్మంలో జాయింట్ డైరెక్టరు ఉంటారు. నా కింద ఒక అటెండరు, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్ ఉండేవి. కరెంటు పోయిన రోజు ఫ్రిజ్, జీతం వచ్చిన రోజు అటెండరు పనిచేసేవారు కాదు. మాది ఖమ్మంలో గాజుల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. అడవి అంచు ఊళ్లలో ఉద్యోగం అనగానే అమ్మ మూడు రకాల పచ్చళ్లు కట్టి ఇచ్చి, అక్కడ తిండి దొరకదని ముందే తేల్చేసింది.

నేను చెప్పబోయేది గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి సంగతి. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పటికీ మేకలు అమ్ముకుని బతుకుతున్నారు. పాత జబ్బు కబురు సంతలో బేరం తగ్గించడానికి పనికొస్తుంది.

ఊళ్లో సగం మంది కథోలికులు. ఒక తరం కింద గుంటూరు వైపు నుంచి మిరప, పొగాకు సాగుకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కొన్ని, ఇక్కడివే మరికొన్ని. ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లన్నిటినీ కలిపి వాళ్లు విచారణ అంటారు. దాన్ని చూసుకునే ఫాదర్ విచారణ గురువు. అప్పట్లో అక్కడ ఫాదర్ ఇన్నయ్య ఉండేవారు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు, మోటారు సైకిల్ మాత్రం నెమ్మదిగా నడిపేవారు కాదు. వాగు అవతల కోయగూడెం ఉంది. గూడెంవాళ్లు తమ వేల్పులనే కొలిచేవారు. అయినా ఫిబ్రవరిలో లూర్దుమాత పండుగ భోజనానికి గూడెమంతా వచ్చేది. వాళ్లు ముందురోజే అడ్డాకుల విస్తళ్లు కుట్టి పంపేవారు. ఊరు వండేది, గూడెం తినేది. చివరి పంక్తి వాళ్లది. ఎవరు పెట్టిన నియమమో తెలియదు గానీ అలా జరిగిపోయేది.

భోజనానికి ఇంటింటా ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చేవారు. బియ్యం, నూనె, కట్టెలు. కొంతమంది మేకను ఇచ్చేవారు. మేకలన్నిటినీ పండుగకు నాలుగు రోజుల ముందే తెచ్చి చర్చి వెనక దొడ్లో కట్టేవారు. 2004 పండుగకు ఫాదర్ నన్ను పిలవడానికి స్వయంగా ఆస్పత్రికి వచ్చారు. మా ఇంటి పద్ధతిలో కోసిన మాంసమైతేనే నేను తింటానని ఆయనకు తెలుసు. "మీకు వేరే గిన్నెలో కోడిగుడ్లు వండిస్తానమ్మా, రాకుండా ఉండొద్దు" అన్నారు.

పండుగకు రెండు రోజుల ముందు, పొద్దున్నే, ఉపదేశి జోజప్ప మోపెడ్ మీద వచ్చాడు. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపించి, పిల్లలకు జపాలు నేర్పే మనిషిని ఉపదేశి అంటారు. ఆయన చెమటతో తడిసి ఉన్నాడు.

"దొడ్లో ఒక మేక సచ్చింది డాక్టరమ్మా. రాత్రి మంచిగనే మేసింది. ఫాదర్ ఎవ్వరినీ ముట్టొద్దన్నడు. మీరు జర జల్దీ రావాలె" అన్నాడు. ఎవరి మేక అని అడిగాను. "నాదే" అన్నాడు. ఏడాదిగా పండుగ కోసమే సాకిన పోతు అది.

నేను వెళ్లేసరికి ఇద్దరు కత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. హఠాత్తుగా చచ్చిన మేకను పారేయడం అక్కడ ఎవరికీ మనసొప్పదు. పొట్ట ఉబ్బి ఉంది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారుతోంది, అది గడ్డకట్టలేదు. చూడగానే నా అనుమానం దొమ్మ రోగం మీదికి పోయింది. ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. ఈ జబ్బుతో చచ్చిన పశువును కోయకూడదు. కోస్తే లోపలి క్రిమికి గాలి తగిలి విత్తనంలా గట్టిపడుతుంది. ఆ విత్తనం నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. చేతికి చిన్న గాటున్నా మనిషికి సోకుతుంది, తింటే ప్రాణాలకే ముప్పు. కత్తులు లోపల పెట్టించాను. చెవి అంచు నరంలోంచి చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద పూశాను. మిగిలిన మేకలకు ఒక్కొక్కదానికీ జ్వరం చూశాను. రెండింటికి ఎక్కువగా ఉంది. పైకి మాత్రం అవి కూడా హాయిగా నెమరు వేస్తున్నాయి.

ఆస్పత్రికి తిరిగొచ్చి గాజుపలకకు రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. వెదురు కణుపులను వరసగా పేర్చినట్టు నీలం రంగు కడ్డీలు, వాటి చుట్టూ లేత గులాబీ పొర. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉంది. పద్ధతి ప్రకారం నమూనాను ఖమ్మం ల్యాబుకు పంపాలి. అక్కడినుంచి జవాబు వచ్చేలోగా పండుగ అయిపోతుంది. తప్పయితే ఒక ఊరి పండుగ పాడుచేసిన డాక్టరమ్మనవుతాను. ఒప్పయి ఊరుకుంటే ఏమవుతానో ఆలోచించదలుచుకోలేదు. నమూనా పంపించి, భద్రాచలం ఏడీకి ఫోన్ చేసి చెప్పి, ఊరికి తిరిగి వెళ్లాను.

చర్చి వరండాలో పెద్దలు కూర్చున్నారు. దొడ్లోని మేకలు ఏవీ కోయకూడదని, బయటి ఊళ్లనుంచి కూడా మేకలను తేకూడదని, ఊళ్లోవి బయటికి పోకూడదని చెప్పాను. అందరూ ఒక్కసారే మాట్లాడారు. పాము కరిచి ఉంటుందని ఒకరు, పొగాకు ఆకు తిని ఉంటుందని ఇంకొకరు.

"ఒక్కటి పొయ్యింది, అవ్. మిగిలినయి మేస్తున్నయి కద. ఎల్లుండి పండుగ. చుట్టుపక్కల ఊళ్లకు పిలుపులు పొయ్యినయి. ఇప్పుడు గిట్లంటే ఎట్ల?" అన్నాడు జోజప్ప. అడిగింది అందరికన్నా ఎక్కువ నష్టపోయిన మనిషి. జ్వరం ఉన్న రెండు మేకల సంగతి చెప్పాను.

ఫాదర్ చివరిదాకా విని, "డాక్టరమ్మ వద్దంటే వద్దు. పండుగ మాత్రం ఆగదు" అన్నారు.

వంటల పెద్ద అన్నమ్మ లేచి నిలబడింది. గుంటూరు వైపు నుంచి చిన్నప్పుడు వచ్చిన మనిషి, పాతికేళ్లుగా ఆ పండుగకు మాంసం వండింది ఆమే. "మరేం పెట్టమంటారు ఫాదర్? పప్పు, చారు పెడితే పై ఊళ్లవాళ్లు ఏమనుకుంటారు? నాటుకోళ్లు ఊరంతా వెతికినా ఒక పంక్తికి చాలవు."

"తపస్సుకాలం ఈసారి ముందే వచ్చిందనుకుందాం అన్నమ్మా" అన్నారు ఫాదర్. తపస్సుకాలం అంటే ఈస్టరుకు ముందు మాంసం మానే రోజులు. కొందరు నవ్వారు. అన్నమ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రం గుంట తవ్వించాను. ఆరడుగుల లోతు, అడుగున సున్నం, మేక మీద మళ్లీ సున్నం, మట్టి నింపాక కుక్కలు తవ్వకుండా పైన ముళ్లకంప. తవ్వింది జోజప్పే, ఇంకెవరికీ గడ్డపార ఇవ్వలేదు. తోలైనా తీసుకోవచ్చా అని ఒక్కసారి అడిగాడు. వీల్లేదన్నాను. మళ్లీ అడగలేదు. పక్కనున్న ఒకతను, ఒక ప్రార్థన చెప్తారా అని ఫాదర్‌ను అడిగాడు. ఎగతాళికో, నిజంగానో తెలియలేదు. "మేకకు చెప్పనయ్యా. జోజప్ప పక్కన నిలబడతాను" అన్నారాయన. గుంట పూడ్చేదాకా నిలబడ్డారు.

మర్నాడు ఖమ్మం స్టోరు నుంచి ఐసు పెట్టెలో టీకా మందు బస్సు మీద వచ్చింది. టీకా జబ్బున్న చోట మొదలుపెట్టరు. చుట్టూ ఉన్న మంచి ఊళ్లకు ముందు వేసి, కంచె కట్టినట్టు లోపలికి వస్తారు. మొదట గూడెంలో వేయాలి. ఊరి మేకలూ గూడెం మేకలూ వాగు ఒడ్డున ఒకే చోట మేసేవి. కానీ గూడెంవాళ్లు కొన్నేళ్లుగా మా సూదిని రానివ్వడం లేదు. మేము వస్తున్నామని తెలిస్తే మేకలను అడవిలోకి తోలేసేవారు. అందుకే ఫాదర్‌ను వెంటబెట్టుకుని ముత్తమ్మ ఇంటికి వెళ్లాను. గూడెంలో పెద్దావిడ, ఆమె ఊ అంటే అందరూ ఊ అంటారు. ఇంట్లో కోయభాష మాట్లాడినా తెలుగు బాగా వచ్చు.

నేను చెప్పిందంతా విని, "సూదులేసి పోతరు. ఎనకాల మేక సస్తే మల్ల రారు" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. నాకు ముందు ఎవరో వేసిన టీకా తర్వాత మేకలు చచ్చాయట, చూడ్డానికి ఎవరూ రాలేదట. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "ఊరోళ్ల తిండి బాగలేదని చెప్పినవంట. రేపు పండుగల నువ్వు కూసొని తింటవా?" అంది.

మేకలు బాగాలేవన్నాను గానీ తిండి కాదని, తప్పకుండా కూర్చుని తింటానని చెప్పాను.

"మాంసం లేకుంటే ఏం పెడుతున్నరు?"

పప్పు, చారు అనుకుంటున్నామని ఫాదర్ చెప్పారు. ముత్తమ్మ నవ్వింది. "గంత మందికి పప్పా?" అంది. అక్కడున్న మగవాళ్లతో కోయభాషలో ఏదో మాట్లాడింది. వాళ్లలో వాళ్లు కొంత వాదించుకున్నారు. తర్వాత ఆమె మావైపు తిరిగి, చేపలు గూడెం తెస్తుందని, గుమ్మడికాయలూ అనుములూ ఇంటింటా ఉన్నాయని చెప్పింది. "కానీ మేమే వండుతం. మేకలు ఎల్లుండి కట్టేసి ఉంచుతం, సూదులేస్కో."

తిరిగొచ్చేటప్పుడు దారిలో ఫాదర్, నేనూ ఒకే విషయం ఆలోచిస్తున్నాం. వంట ఇంకొకరు చేస్తారని అన్నమ్మకు ఎవరు చెప్పాలి? వైద్య సలహా కాబట్టి డాక్టరు చెబితే బాగుంటుందని ఆయన అన్నారు. విచారణ వ్యవహారం కాబట్టి గురువు చెప్పాలని నేను అన్నాను. చివరికి ఇద్దరం కలిసి వెళ్లాం. అన్నమ్మ బియ్యం చెరుగుతూ విన్నది. చేట ఆపలేదు. చెరగడం అయ్యాక, "ఉప్పు మాత్రం నేను చూస్తాను" అంది.

ఆ మధ్యాహ్నమే దొడ్లో రెండో మేక చచ్చింది. జ్వరం ఉన్న రెండింటిలో ఒకటి. పాము మాట, పొగాకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జోజప్ప గడ్డపార భుజాన వేసుకుని వచ్చి, "ఇంకో గుంట ఎక్కడ తవ్వాల్నో సూపియ్యండి" అన్నాడు. మిగిలిన మేకలన్నిటికీ పెన్సిలిన్ వేసి వేరుగా కట్టించాను.

పండుగ రోజు పొద్దున పూజ, దాని తర్వాత కాగితప్పూలతో అలంకరించిన తేరు మీద మాత స్వరూపాన్ని ఊరంతా తిప్పారు. చర్చి వెనక రెండు చోట్ల పొయ్యిలు వెలిగాయి. ఒకవైపు అన్నమ్మ గుంపు అన్నం, చారు. ఇంకోవైపు ముత్తమ్మ గుంపు. గోదావరిలో వల సరిగా పడక చేపలు ఆలస్యంగా వచ్చాయి. తేరు తిరిగి వచ్చేసరికి పులుసు ఇంకా ఉడుకుతూనే ఉంది. ఆకలితో ఉన్నవాళ్లు నీడ ఎక్కడుంటే అక్కడ కూలబడ్డారు. గూడెంవాళ్లు, ఊరివాళ్లు, పై ఊళ్లనుంచి వచ్చిన చుట్టాలు కలిసిపోయారు. వడ్డించే వేళకు మొదటి పంక్తి ఏదో, చివరి పంక్తి ఏదో విడదీయడం ఎవరివల్లా కాలేదు. ఎవరి ముందు చోటుంటే వాళ్ల ముందు విస్తరి పడింది.

నా విస్తట్లో పులుసు ముత్తమ్మే పోసి, వెళ్లిపోకుండా ఎదురుగా నిలబడింది. కారం తక్కువ, చింతపండు పులుపు ఎక్కువ, చేప ముక్క చేతికి మెత్తగా విడిపోతోంది. నేను రెండోసారి అడిగాక గానీ ఆమె కదల్లేదు. చేపకు మా ఇంట్లో ఏ అభ్యంతరమూ లేదు. నేనే పెట్టిన నిషేధం వల్ల ఆ ఊళ్లో నేను కడుపునిండా తినగలిగిన పండుగ అదొక్కటే అయింది. అంతలో అన్నమ్మ వేరే గిన్నెలో కోడిగుడ్ల కూర తెచ్చి పెట్టింది. చెప్పిన మాట చెప్పినట్టే జరగాలి ఆమెకు. అదీ తిన్నాను. ఆమె ఉప్పు చూడటానికి గూడెం పొయ్యి దగ్గరికి వెళ్లడం నేను మూడుసార్లు చూశాను. ప్రతిసారీ చిన్న గిన్నె నిండా పోసుకుని రుచి చూసింది.

జోజప్ప దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు, విస్తరి వేసుకోలేదు. ముత్తమ్మ గిన్నె పట్టుకుని అక్కడికే వెళ్లింది. "నీ మేక పోతెనే జబ్బు ఎరకైంది. మా మేకలు బతుకుతయ్. తిను" అని ఒక ఆకు పరిచి పోసేసింది. పెట్టాక కాదనే మనిషి కాదు జోజప్ప. మొదట మెల్లగా తిన్నాడు. తర్వాత మామూలుగా తిన్నాడు.

మర్నాడు పొద్దున మేము వెళ్లేసరికి గూడెంలో మేకలన్నీ గుంజలకు కట్టి ఉన్నాయి. ఒక్కటి కూడా అడవిలోకి పోలేదు. టీకాల తర్వాత పది రోజుల పాటు నేను రోజూ వెళ్లి చూశాను. రెండు మేకలకు సూది పడ్డ చోట వాపు వచ్చింది, తగ్గింది. గూడెంలో ఒక్క మేకా చావలేదు. దొడ్లో జ్వరం ఉన్న రెండోది కూడా బతికింది. ల్యాబు నుంచి దొమ్మ రోగమేనని నివేదిక వచ్చింది. గూడెంలో ఒక్క మేకనూ వదలకుండా టీకా ఎలా వేయగలిగారని ఏడీ అడిగితే, గ్రామస్థుల సహకారంతో అని రాశాను. ఆఫీసు భాషలో అంతకన్నా రాయడానికి వీలుండదు. మరుసటి ఏడు పండుగకు మాంసం మళ్లీ వండారు. గూడెం పొయ్యి కూడా వెలిగింది, అన్నమ్మే కబురు పంపిందట.

తర్వాతి పోస్టింగుల్లో చాలా ఊళ్లలో పశువులను కోయొద్దని ఆంక్షలు పెట్టాను. ఆర్డరు చదివి వినిపించి జీపెక్కడం మాత్రం ఎక్కడా చేయలేదు. ఆ పూట ఏం వండుకుంటారో అడిగాను, రమ్మంటే కూర్చుని తిన్నాను, టీకా వేశాక మళ్లీ వెళ్లాను. మా శాఖ మాన్యువల్లో ఈ పనుల ప్రస్తావన లేదు. వద్దని చెప్పడానికి హోదా చాలు. ఆ మాట ఊళ్లో నిలబడాలంటే, చెప్పిన మనిషి భోజనాల వేళ దాకా అక్కడే ఉండాలి.