గ్రేస్ మేడం ఖాళీ డబ్బా

గండి ఆంజనేయస్వామి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. పొద్దుటూరులో నన్ను కోతల ఓబులేసు అంటారని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, వాళ్ల ఇంటి గేటుకు వెల్డింగు చేసిందెవరో, ఎన్నేళ్లయిందో, అది ఊడిందో లేదో కూడా అడగండి. నా మాట వంకర పోవచ్చు గాని నా అతుకు వంకర పోదు.

ఈ పొద్దున కొత్త సరుకు విప్పి, రంగు చూసుకోకుండానే ఒక టంగ్‌స్టన్ రాడ్డు తీసి గ్రైండరుకు పట్టాను. ఆర్గాన్ వెల్డింగులో మంట పుట్టించే సన్నటి పుల్ల అది. ముందు మొన తీర్చుకోవాలి. కాలిన లోహపు వాసన గొంతులోకి దిగింది. అప్పుడు చూశాను, దాని తోక ఎర్రగా ఉంది. నేను పంపమన్నది నీలం. పెట్టెను పెట్టెగా ఎత్తుకెళ్లి అంగడివాడి బల్ల మీద కొట్టాను. “ఊరంతా వాడేదే కదా మామా, నీకేం వచ్చింది ఈ పొద్దు” అన్నాడు వాడు. వాడికి చెప్పే ఓపిక నాకు లేదు. మీకు చెబుతాను.

గ్రేస్ మేడం జమ్మలమడుగులో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. తాత మిషన్ బడిలో పంతులు, నాయనా పంతులే. ఆ ఇంట్లో సుద్దముక్క పట్టని తరం లేదు. బొంగురు గొంతు, చేతికి మగవాళ్ల గడియారం. ఎనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బొమ్మ గీసిన కాగితం పట్టుకుని నా షాపులోకి వచ్చారు.

“స్టీలు డబ్బా కావాల ఓబులేసూ. మూత బిగిస్తే లోపలికి గాలి పోకూడదు, బయటికి రాకూడదు.”

“శవపెట్టెనా మేడం?”

“నీ కొలతలకే చెయ్యప్పా. నా పని అయినాక నువ్వే వాడుకుందువు.”

అట్లా కుదిరింది మాకు. ఆ డబ్బా దేనికో ఆమె నా షాపు స్టూలు మీద కూర్చునే చెప్పారు. ఎక్కడో ఒక కొండ కింద, భూమి లోతున, పెద్ద తొట్టిలో జెనాన్ అనే వాయువును సున్నాకు నూరు డిగ్రీలు కిందుండే చలిలో ద్రవం చేసి నింపుతారట. విశ్వమంతా ఉందని లెక్కలు చెబుతున్నా ఇంతవరకు ఎవరికీ చిక్కని కృష్ణపదార్థం ఏనాడైనా ఆ ద్రవానికి తగిలితే ఒక చిన్న మెరుపు మెరుస్తుందని కాపు కాస్తారట. ఆకాశం నుంచి కురిసే కిరణాలను కొండ ఆపుతుంది. కానీ తొట్టికి వాడిన ప్రతి మేకులో, తీగలో, అతుకులో పిసరంత రేడియోధార్మికత ఉంటుంది. అదీ అలాంటి మెరుపులే మెరిపించి మోసం చేస్తుంది.

“పొద్దుటూరు దసరా ఊరేగింపులో, ఎవురో ఒకాయమ్మ కాలిమెట్టె రాయికి తగిలిన చప్పుడు నువ్వు వినాల. ఏం చేస్తావు?” అని అడిగారు.

“డప్పులోళ్లను ఆపమంటా.”

“అదే నా పని. ఒక్కొక్క డప్పునే ఆపేది.”

ఆ తొట్టిలోకి పోయే ప్రతి మేకునూ వాషరునూ ముందు, ఆమె కాలేజీకి అరువుగా వచ్చిన రేడియోధార్మికత కొలిచే యంత్రం దగ్గర పెట్టి వారాల తరబడి కొలవాలి. చప్పుడు చేసేదాన్ని పక్కన పడేయాలి. యంత్రం చుట్టూ సీసపు ఇటుకలు, వాటి మధ్యలో, కొలిచే ముక్కను పెట్టడానికి నా డబ్బా. ఏమీ పెట్టని ఖాళీ డబ్బా తనంతట తాను మౌనంగా ఉంటుందని మొదట రుజువు కావాలి. రుజువైతే ఆ పని జమ్మలమడుగుకు ఖాయం. కాకపోతే యంత్రం ఇచ్చినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకుపోతారు.

“ఎర్ర రాడ్డు ముట్టొద్దు” అని వేలు చూపించి చెప్పారు. “దాంట్లో థోరియం కలుపుతారు. అది అతుకులోకి దిగిందంటే నీ మనమల మనమలు పోయినా చప్పుడు ఆగదు. నీలందే వాడు.” నీలం రాడ్లు ఆమే బెంగుళూరు నుంచి తెప్పించి నా చేతిలో పెట్టారు.

డబ్బా కాలేజీకి చేరింది. దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు నేను చేసిన వస్తువుకు బొట్టు పెట్టకపోతే నాకు చెయ్యి ఆడదు. మూత రబ్బరు సరిచేయడానికి పోయినవాణ్ణి, లోపలి వైపు ఎవరికి కనపడుతుందిలే అని మూడు వేళ్ల విభూతి పూసి వచ్చాను. పది రోజులకు ఫోను.

“ఓబులేసూ, నా డబ్బాలో బూడిద పూసినావా?”

“కనపడిందా మేడం?”

“కనపళ్లేదు. లెక్కలో తగిలింది. బూడిదలో పొటాషియం ఉంటాది. అదీ డప్పు కొడతాది.”

తిట్లు తినడానికి సిద్ధపడి పోయాను. ఆమె స్పిరిటు తడిపిన గుడ్డ నాకిచ్చి తుడిపించారు. “సామిని బయట పెట్టుకో, నేనేం వద్దన్ను. లోపల మాత్రం మనం కలిపింది ఏదీ ఉండకూడదు. కలిపినామా, చెప్పాల. చెప్తే లెక్కలోంచి తీసేస్తాం. చెప్పకపోతేనే కష్టం” అన్నారు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఆ మనిషి, గది తలుపుకు నా చేతనే బొట్టు పెట్టించారు.

బూడిద పోయింది. లెక్కలో తగులుతున్న థోరియం మాత్రం పోలేదు. ఆమె సీసపు ఇటుకలు యాసిడ్‌తో కడిగించారు, తీగలు మార్చారు, గదిలోకి చెప్పులు మాన్పించారు, తన గాజులు కూడా తీసేశారు. లెక్క దిగలేదు. ఎందుకో నాకు తెలుసు. డబ్బా పని సగంలో ఉండగా పులివెందులలో పాల ట్యాంకు పనికి పోయి, నీలం రాడ్లు అక్కడే మరిచి వచ్చాను. చివరి మూలన జానెడు అతుకు మిగిలింది. మళ్లీ పులివెందుల పోయి రావడానికి బద్ధకించి, ఆ జానెడూ ఎర్ర రాడ్డుతో ముగించాను. జానెడే కదా అనుకున్నాను.

యంత్రం ఇచ్చినవాళ్ల తరఫున తనిఖీకి నగరం నుంచి ముగ్గురు వచ్చారు. మూత విప్పి చూపించడానికి నన్నూ రమ్మన్నారు.

“మేడం గారూ, పక్కన వేముల దగ్గర యురేనియం తవ్వుతున్నారు కదండీ. ఈ మట్టిలో కూర్చుని నిశ్శబ్దం కొలుస్తాననడం ఏంటండీ” అన్నాడు ఒకాయన. రెండో ఆయన, “ఇక్కడి మనుషులు మాట్లాడితేనే చెవులు మూసుకోవాలి, ఇంక మట్టి సంగతి చెప్పాలా” అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతిలో సుత్తి తేలికవుతుంది.

“మట్టిని కొలిచి తీసేసినాం సార్” అన్నారు మేడం. “ఈడ ఇంకేదో ఉండాది. ఒక్క నెల ఇయ్యండి, కనుక్కుంటా.”

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. “తప్పు మట్టిది కాదు సార్, మేడందీ కాదు. ఆ మూల అతుకు నాది. ఎర్ర రాడ్డు వాడినా” అన్నాను. వెల్డింగువాడి మాట వినేదెవరు? అంత చదువుకున్నవాళ్లు, ఒక మనిషి నిజం చెబుతుంటే టీ గ్లాసుల్లోకి చూశారు. మరుసటి వారం లారీ వచ్చి యంత్రాన్ని ఎత్తుకుపోయింది. సిగ్గులేని మనుషులు. ఆ మాట వాళ్ల ముఖాన అనలేకపోయిన కోపం ఎనిమిదేళ్లుగా నా కడుపులోనే ఉంది.

మేడం ఇంకొన్నాళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పోయిన ఎండాకాలం కన్నుమూశారు. చర్చిలో చివరి వరుసలో నిలబడ్డాను. అంతా అయ్యాక వాళ్ల తమ్ముడు డబ్బాను ఆటోలో పెట్టించాడు. “ఇది నీకే ఇమ్మనింది అక్క. శానా బాగా చేసినాడని చెప్తాండె” అన్నాడు.

కలిపితే కలిపానని చెప్పాలి కదా. ఇందులో నేను కలిపింది ఒక్కటే: లేచి నిలబడ్డానన్న మాట. లేవలేదు. టీ గ్లాసులోకి చూసింది నేను. అంతకు నెల ముందే ఆమె నన్ను అడిగారు, “అతుకంతా నీలందేనా అప్పా?” అని. గండి ఆంజనేయస్వామి మీద ఒట్టు, ప్రతి అంగుళమూ నీలమే అన్నాను. మొదట్లో మీకు వేసిన ఒట్టు అదే. తనిఖీ నాడు మూడో ఆయన, “మీ వెల్డరే ఏదో చేసుంటాడు, అతన్ని అడిగారా?” అన్నాడు. అది ఇందాక నేను మీకు చెప్పలేదు. ముగ్గురిలో సరైన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. మేడం కుర్చీలోంచి లేచారు. “గండి సామి మీద ఒట్టేసినాడు సార్ ఆయప్ప. ఆ అతుకు గురించి ఇంక అడగొద్దండి” అన్నారు.

డబ్బా ఇప్పుడు నా షాపులో ఉంది. ఆ మూల జానెడు కోసి తీసేసి, నీలం రాడ్డుతో మళ్లీ అతికాను. బాగా కుదిరింది. కొలిచేవాళ్లు లేరు.