చిన్నాయన ఇవ్వని పుస్తకాల లిస్టు

మా చిన్నాయన పోయాడని పోయిన నెల ధర్మవరం నుంచి ఫోనొచ్చింది. ఏడవాల్సిన చోట నాకు కోపమొచ్చింది. అది ఇంకా తగ్గలేదు కాబట్టి ఈ నాలుగు మాటలూ కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

నా కూతురు ఎనిమిదో తరగతి. అద్దె పుస్తకాల షాపు నుంచి దయ్యాల కథలు తెచ్చుకోవడం తప్ప మంచి పుస్తకమేదీ ముట్టదు. ఈ వయసులో చదవాల్సినవి ఒక పది పేర్లు రాసివ్వమని ఎండాకాలంలో చిన్నాయనను ఫోన్లో అడిగాను. జీవితమంతా పుస్తకాలు చదివిన ఆయనకు అది ఐదు నిమిషాల పని.

"బిడ్డ ఇప్పుడేం చదువుతాండాదో కనుక్కోని చెప్పు. తర్వాత నేను చెప్తా" అన్నాడు.

"దయ్యాల కథలు చిన్నాయనా. అవి మాన్పించేదానికే కదా అడుగుతాండేది!"

"ఏం దయ్యం? ఏం చేస్తాది? బిడ్డకు అందులో ఏం నచ్చిందో అడుగు."

నాకు ఒళ్ళు మండింది. ఇంటి పని, ఆఫీసు పని చాలక దయ్యాల వివరాలు కూడా సేకరించాలా? తర్వాత ఆయనే మూడుసార్లు ఫోన్ చేసి అదే అడిగాడు. మూడుసార్లూ రేపు చెప్తానన్నాను.

ఈ మొండితనం నాకు కొత్త కాదు. తొంభైల మొదట్లో నేను పెనుకొండ నుంచి హిందూపురానికి ఇంటర్ చదవడానికి ప్యాసింజర్ రైల్లో పోయేదాన్ని. ఆయన అదే రైల్లో ధర్మవరం నుంచి హిందూపురంలోని ఆఫీసుకు వచ్చేవాడు. నాకు సీటు పట్టి ఉంచి, చేతిసంచీలోంచి ఒక పుస్తకం తీసేవాడు. పేజీల మధ్య ఎప్పుడూ ఆయన ఒలుచుకు తినే చెనిక్కాయల పొట్టు. ఒకసారి ఆయనిచ్చిన లావుపాటి నవల ఇరవై పేజీలు కూడా చదవకుండా "చాలా బాగుంది" అన్నాను. వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"చదవని పుస్తకాన్ని పొగడొద్దు పాపా. నచ్చలేదంటే నాకేమన్నా కోపమా?"

మరుసటి రోజు నా బ్యాగులో దాచుకున్న డిటెక్టివ్ పుస్తకం అడిగి తీసుకున్నాడు. రెండు రోజులకు తిరిగిచ్చి, "దొంగెవరో ముందే తెలిసిపాయ. ఆ వంటామె మాత్రం బాగుండాది" అన్నాడు. నాకూ ఆమే నచ్చింది. ఆయన చెప్పేదాకా ఆ సంగతి నాకే తెలియదు. తర్వాతి వారం అట్లాంటి గడుసు ఆడమనిషి ఉన్న నవల తెచ్చాడు. అందులో మునిగిపోయిన నన్ను హిందూపురంలో దించడానికి ఆయన భుజం తట్టాల్సి వచ్చింది. నాకు చదువు రుచి చూపించింది ఆయనే. ఆ మాట ఎన్నడూ ఆయనతో అనలేదు.

ఇదంతా తెలిసి కూడా నేను లిస్టే అడిగాను. నా కోపంలో సగం నా మీదే.

దినాలు ముగించుకుని ధర్మవరం నుంచి వచ్చిన సాయంత్రం నా కూతురి పక్కన కూర్చున్నాను. "ఆ కథల్లో నీకేం నచ్చుతాది? ధర్మవరం తాత కనుక్కోమన్నాడు" అన్నాను.

తిడతానేమోనని కాసేపు నా ముఖం చూసింది. తర్వాత మొదలుపెట్టింది. బావిలో ఒక దయ్యం ఉందట. ఎవరినీ ఏమీ చేయదట. తన పేరు ఎవరైనా అడుగుతారేమోనని చూస్తుంటుందట. అడగకుండానే అందరూ పారిపోతారట. అట్లా అరగంట ఆపకుండా చెప్పింది. బిడ్డ నాతో అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తులేదు.

చివరికి "ఇది వినింటే తాత నన్ను ఏ పుస్తకం చదవమంటాండె అమ్మా?" అని అడిగింది.

నాకు తెలియదు. తెలిసినాయన లేడు. నా కూతురు మాత్రం జవాబు కోసం నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.