టీచరుగారి వేట నోటుబుక్కు

మా సైన్సు టీచరుగారు పోయారని వాళ్ల చెల్లెలుగారు ఫోన్ చేశారు. నేను విశాఖలో ఆఫీసుకు బస్సెక్కబోతున్నాను. "అక్క పోయింది బాబూ. తెల్లారి గంజి ఇత్తే రెండు సెంచాలు తాగింది. మరి తాగనేదు," అన్నారామె. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. నేను ఏమన్నానో గుర్తులేదు. బస్సు మాత్రం వెళ్ళిపోయింది.

టీచరుగారు విజయనగరం వైపు మనిషి. ఉద్యోగానికని ముంచింగిపుట్టు వచ్చి, రిటైరయ్యాక కూడా చెల్లెలితో అక్కడే ఉండిపోయారు. మాది జి.మాడుగుల. ముంచింగిపుట్టు హాస్టల్లో ఉండి చదువుకున్న నాకు ఎనిమిది నుంచి పది దాకా ఆవిడే సైన్సు చెప్పారు. మమ్మల్ని గెడ్డ ఒడ్డున కూర్చోబెట్టి, నీళ్ళలో పీతను చూడమనేవారు. పీరియడంతా చూడటమే. తర్వాత రాయమనేవారు. పీత కోపంగా ఉందని ఒకసారి రాశాను. ఎర్రసిరాతో కొట్టేసి, "చూసింది రాయి, అనుకున్నది రాయకు" అన్నారు. ఇవాళ నాలుగు వాక్యాలు రాసి తిండి తింటున్నానంటే ఆ ఎర్రసిరా పుణ్యమే.

నిరుడు వానల్లో మెట్ల మీద జారిపడి ఆవిడ తుంటి విరిగింది. ఆపరేషనయినా నడక తిరిగి రాలేదు. రోజూ కొండదారుల్లో తిరిగిన మనిషి మంచానికి అంటుకుపోయారు. నేను ఒక వెబ్ పత్రికలో వీడియో గేముల మీద రివ్యూలు రాస్తుంటాను. చూడటానికి వెళ్ళినప్పుడు నా పాత ట్యాబ్‌లో ఒక గేమ్ వేసి ఇచ్చి వచ్చాను. అందులో అడవిని ఆకాశం నుంచి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. మన వేటగత్తె చిన్న బొమ్మలా తిరుగుతూ పెద్ద పెద్ద రాక్షస మృగాలను వెతికి చంపాలి. వాటి కొమ్ములతో, తోళ్ళతో ఆయుధాలు చేసుకుని ఇంకా పెద్దవాటి మీదికి వెళ్ళాలి. వారంలో విసుగొచ్చి పక్కన పెడతారనుకున్నాను.

ఆవిడ నోటుబుక్కు పెట్టారు. పేజీ మధ్యలో గీత గీసి ఒకవైపు 'బాగున్నవి', రెండోవైపు 'బాగులేనివి' అని రాశారు. మొదట్లో బాగున్నవే ఎక్కువ. ఒక్కో మృగానికి ఒక్కో నడక ఉంది, ఒకటి మీదికొచ్చే ముందు తోక ఎడమకు తిప్పుతుంది, ఓపిగ్గా చూసినవాళ్ళకే లొంగుతాయి అని రాసుకున్నారు. పైనుంచి చూడటం వల్ల అవి ఎటు కదిలినా తెలుస్తోందని నాతో చెప్పి మెచ్చుకున్నారు. తర్వాత రెండోవైపు నిండటం మొదలైంది. చెట్ల కిందికి పోతే మనిషీ కనబడదు, మృగమూ కనబడదు. అక్షరాలు చీమతలల్లా ఉన్నాయి. ఒక్క కొమ్ము కోసం అదే మృగాన్ని పదిసార్లు చంపాలి. సిగ్నల్ పోతే అప్పటిదాకా ఆడిందంతా పోతుంది. మా ఊళ్ళో ఆడుకోడానికి చేసింది కాదురా ఇది అనేవారు.

ఈలోగా ఆ గేమ్ మీద నా రివ్యూ వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా అద్భుతమని రాశాను. చదివి ఫోన్ చేశారు.

"నువ్వు ఎందాకా ఆడేవురా నాన్నా?"

"మొత్తం ఆడానండి."

"ఆటలో మంచుకొండ దాటేక ఏటుంది?"

నేను సగంలోనే ఆపేశాను. మంచుకొండ దాటాక కొత్త మృగాలేవీ లేవనీ, పాతవాటికే రంగు మార్చి, ఎంత కొట్టినా చావకుండా చేశారనీ ఆవిడే చెప్పారు. తిట్టలేదు. సరిచేసి మళ్ళీ రాయమన్నారు. ఒకసారి చదివినవాళ్ళు మళ్ళీ చదవరని నసిగాను. "సదవనీ, మాననీ. నువ్వు రాయి," అని ఫోన్ పెట్టేశారు.

ఆ తర్వాత మా మాటలు పొట్టివైపోయాయి. మందులు వేసుకున్నారా, వాన పడుతోందా, అంతే. మిగతాది ఆడి రాద్దామనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ రెండు నెలలు గడిచాయి. ఆవిడకు నెమ్ము చేసిందని తెలిసినా ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక ఆగిపోయాను.

మట్టి వేసే వేళకి మాత్రం చేరాను. చెల్లెలుగారు నోటుబుక్కు, ట్యాబ్ నా చేతికిచ్చారు. పదిరోజులు ఆ గేమే ఆడాను. ఆవిడ రాసినవన్నీ నిజమే. రివ్యూ మళ్ళీ రాశాను. మొదటిసారి పూర్తిగా ఆడకుండా రాశానని పైనే ఒప్పుకున్నాను. ఎవరు చదివారో తెలియదు.

నెల తిరిగాక వాళ్ళింట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టారు. అందరూ వెళ్ళాక, నేను రాసింది చదివి వినిపించమన్నారు చెల్లెలుగారు. వంటింటి గుమ్మంలో కూర్చుని చదివాను. ఆమెకు గేముల సంగతి తెలియదు. ఓపిగ్గా విన్నారు. చివర్న ఒక్కటే అడిగారు.

"మరి అక్క గెలిసిందేటి బాబూ?"

గెలవలేదని చెప్పాను. అన్నిటికన్నా పెద్ద మృగం దగ్గర ఆగిపోయారంటూ నోటుబుక్కులో రాసిన ఆఖరి పేజీ తీశాను. 'గాయపడ్డాక కుంటుతూ గుహలోకి పోతుంది. ఇది చాలా బాగా చేశారు. కొట్టబుద్ధి కాలేదు' అని గీతకు ఒకవైపు ఉంది. దానికి ఎదురుగా, వంకరపోయిన అక్షరాల్లో, 'చంపకపోతే ముందుకి దారి ఇవ్వరు' అని ఉంది.

చెల్లెలుగారు ఆ పేజీ మీద చెయ్యి పెట్టారు. "అక్క అంతే," అన్నారు.

బయట పొగమంచు కొండ దిగి కాఫీ తోటలోకి వస్తోంది. మొక్కల వరసలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళు కనబడకుండా పోయారు. వాళ్ళలో ఒకామె ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. చాలాసేపటికి, ఎక్కడో పల్లంలోంచి, సన్నగా జవాబు వచ్చింది.