హన్నెస్ అని పిలిచినామె

సారపాక కాగితం మిల్లులో, క్వాలిటీ ల్యాబ్‌లో పందొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. తేమ ఎంత, మందం ఎంత అని మిషన్ మీద చూసి సంతకం పెట్టే ఉద్యోగం. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం. ఇది కూడా దయ్యం కథ అని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మవి పిల్లికళ్లు. వాళ్ల ముత్తాత జర్మనీ మనిషి. దుమ్ముగూడెంలో ఆనకట్ట లాకులకు చెక్క పని చేయడానికి వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని, గోదావరి ఒడ్డునే పోయాడు. ఇంట్లో అందరూ వడ్రంగి దొర అనేవాళ్లు. అసలు పేరు ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవాలని అమ్మకు చిన్నప్పటి నుంచీ కోరిక.

పోయిన ఏడాది అమ్మ పక్షవాతంతో మంచాన పడింది. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. దుమ్ముగూడెంలో ఒక పాత చర్చి పెళ్లిళ్ల రిజిస్టర్ తిరగేస్తే ఆయన దొరికాడు. పేరుండాల్సిన చోట జె అనే ఒక్క అక్షరం, పక్కన ఇంటిపేరు, పుట్టిన ఊరు. అంతే. ఫొటో తీసి, ఆ దేశంలో పాత చర్చి రికార్డులు వెతికిపెట్టే ఒకావిడకు మెయిల్ చేశాను. నెలలు గడిచినా జవాబు రాలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే అమ్మ తినడం ఆపి వెనక తలుపు వైపు చూసింది.

"ఎవరో ముసలామె గుమ్మం కాడ నిలబడి హన్నెస్, హన్నెస్ అని పిలుస్తున్నది. జర చూడరా."

చూశాను. దొడ్లో ఎవరూ లేరు. మర్నాడు అదే వేళకు అదే మాట. మా వాడలో ఆ పేరున్నవాళ్లే లేరు. ఈ జబ్బులో అలా వినిపించడం మామూలేనని డాక్టరు అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. అయినా మందుల వేళలు రాసుకునే నోట్‌బుక్‌లో ఆ పేరు రాసి పెట్టాను.

తొమ్మిదో రోజు తనను లేపి కూర్చోబెట్టమంది. తలుపు వైపు తిరిగి, పక్కింటామెతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"నీ కొడుకు మా కాడికే వచ్చిండమ్మా. మంచిగ బతికిండు. మేమంత ఆయన పిల్లలమే. ఇగ ఎదురుచూడకు."

ఆమె ఎవరో నీకెలా తెలుసని అడిగాను.

"కళ్లు చూస్తే తెల్వదా" అంది.

ఆ తర్వాత ముసలామె రాలేదని అమ్మే చెప్పింది. పన్నెండు రోజులకు అమ్మ పోయింది.

నెల దాటాక మెయిల్ వచ్చింది. జె అంటే యోహానెస్, వాళ్ల భాషలో జె అక్షరాన్ని య అని పలుకుతారట. ఇంట్లో హన్నెస్ అనేవారట. ఆయన తల్లి చావు నమోదైన పేజీలో, అంచున అక్కడి పాస్టరు రాసుకున్న నాలుగు ముక్కలను కూడా ఆవిడ ఇంగ్లీషులో పెట్టి పంపింది.

కొడుకు ఓడెక్కాక ఒక్క ఉత్తరమూ రాలేదట. తల్లి రోజూ మధ్యాహ్నం వెనక గుమ్మంలో నిలబడి వాణ్ణి పేరు పెట్టి పిలిచేదట. చివరి ఏడాది ఉన్నట్టుండి మానేసిందట. ఎందుకని పాస్టరు అడిగితే, "మంచం మీదున్న ఒకామె నాతో చెప్పింది, వాడు మంచిగా బతికాడట, పిల్లలున్నారట" అందట. ముసలితనంలో మతి చెదిరిందని పాస్టరు రాసుకున్నాడు.

ఆ పేరు అమ్మ చిన్నప్పుడు ఎక్కడో విని మరిచిపోయి ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు. మా మేనమామను అడిగాను, తనెప్పుడూ వినలేదన్నాడు. సరే, అమ్మ ఒక్కతే విన్నదనుకుందాం. పాస్టరు రాసినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. నోట్‌బుక్, మెయిల్ పక్కపక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివినా దొరకలేదు.

మొన్నొక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వెనక గుమ్మంలో నిలబడి అమ్మా అని పిలిచాను. ఎందుకు పిలిచానో అదీ చెప్పలేను.