నర్సమ్మ చెప్పిన మందు

నర్సు ఉద్యోగం మానేసినా నర్సమ్మ మాటతీరు మాత్రం ఆస్పత్రిదే. మామగారి తాతల నాటి పొలం, రాతి ఇల్లు పాడుబడి ఉంటే భర్తనీ మరిదినీ వెంటేసుకుని వచ్చి పడింది. పగిలిన గోడలకు సున్నం పూయించడం ఆమె లెక్కలో కట్టు కట్టడం. సారం చచ్చిన నేలకు రక్తం తక్కువైందట. గుర్రాల కొట్టం సెలవులకు వచ్చేవాళ్ల గదులుగా మారింది. ఆ గుర్రాలే బతికుంటే అద్దె కట్టి మరీ దిగేవని మరిది వేళాకోళం.

అన్నీ అమిరాయి, ఒక్కటి తప్ప. రసాయనాలు వాడని పొలమని అధికారి వచ్చి ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకపోతే ఇలాంటి గదులు ఎక్కడైనా దొరుకుతాయి, ఇంతదూరం ఎవరొస్తారు? మూడేళ్లుగా నర్సమ్మ ఒళ్లు హూనం చేసుకున్నది దానికోసమే.

అధికారి రావడానికి ముందురోజు చిక్కుడు పాదులకు పేనుబంక పురుగు కనిపించింది. ఆమె వెల్లుల్లి, మిరపకాయలు నూరి కషాయం కాచి, బజారుకు వెళ్తూ మరిదికి చెప్పింది.

"పాదులకి మందు కొట్టు, మర్చిపోకు."

నర్సుకు మందంటే నయం చేసేది. కుర్రతనం నుంచి పదిమంది పొలాల్లో పిచికారీ పట్టిన మరిదికి మందంటే పురుగుల మందే. వదిన మాట జవదాటని మనిషి పాపం, మూడేళ్లుగా వద్దన్నది ఇవాళెందుకని కూడా అడగకుండా పక్క పొలంలో డబ్బా అడిగి తెచ్చి మరీ కొట్టాడు.

తిరిగొచ్చిన నర్సమ్మకు గేటు దగ్గరే వాసన తగిలింది. వంటింట్లో కషాయం కాచింది కాచినట్టే ఉంది. ఏం కొట్టావని మరిదిని నిలదీసింది.

"నువ్వే కదా వదినా మందన్నావు," అన్నాడు మరిది, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా.

"పాదులు పీకి పారేస్తే సరి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు భర్త.

ఆమెకూ ఆశ పుట్టకపోలేదు. కానీ ఆ మట్టిలో పండింది సెలవులకు వచ్చే పిల్లలకు పెట్టి, విషం లేదని నవ్వుతూ చెప్పడం తనవల్ల కాదు.

మర్నాడు అధికారి కుర్చీలో కూర్చోకముందే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అయితే మళ్లీ మొదటినుంచేనమ్మా," అన్నాడాయన నొచ్చుకుంటూ. "ఇంతకీ ఇది ఎవరి నిర్వాకం?"

మరిది ఒక అడుగు ముందుకేశాడు. నర్సమ్మ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"కొట్టమన్నది నేనేనండి."

"నర్సుగా చేశారట. ఆమాత్రం తెలీదా?"

ఎంత పెద్ద డాక్టరు ముందూ ఆ మాట ఒప్పుకోని మనిషి, మరిది వంక చూడకుండా, "తెలీదండి," అంది.