నా దారం కొలతకు రుజువు

ఆళ్లగడ్డలో యాభై ఏళ్లు దేవుళ్ల కింద పద్మపీఠాలు చెక్కినవాణ్ణి. బడిలో చదివింది అయిదో తరగతే. రేఖాగణితం మాత్రం పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. వృత్తాన్ని ఏడు సమభాగాలు చేయడానికి దారంతో ఒక కొలత కూడా కనిపెట్టాను: వృత్తం లోపల సమబాహు త్రిభుజం గీసి, దాని భుజంలో సగానికి దారం తెంపి, చుట్టూ ఏడుసార్లు పెట్టడమే. ఇప్పుడు కార్ఖానా నడిపే మా తమ్ముడి కొడుకు కంప్యూటర్లో ఏడు రేకులు గీసి అచ్చు తీసిన కాగితం రాయి మీద అంటిస్తూ, "నీ దారం తప్పు పెద్నాయనా" అన్నాడు. ఆ మాట పడలేక నంద్యాల బస్సెక్కాను.

అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఒక ప్రొఫెసరు గారున్నారు. గణిత సిద్ధాంతాలను కంప్యూటర్ చేత రుజువు చేయించడం ఆయన పరిశోధన. అడుగడుగునా కారణం చూపితే తప్ప ఆ యంత్రం ఏదీ ఒప్పుకోదట. నా త్రిభుజం చూపిస్తే, దాని మూలలు మూడూ వేరువేరు బిందువులేనా అని నిలదీసింది.

"ఇంత మొద్దుదానికి చదువు చెప్తాండారా సారూ?" అన్నాను.

"మొద్దుది కాబట్టే మోసపోదు పెద్దాయనా."

మూడు వారాలకు ఫోన్ చేసి రమ్మన్నారు. యంత్రం నా కొలతను రుజువు చేయలేదు సరికదా, అది తప్పని రుజువు చేసి కూర్చుంది.

"మీ యంత్రం ఎప్పుడన్నా ఉలి పట్టిందా? యాడన్నా ఒక పీఠం చెక్కిందా?" అని లేచాను.

ఆయన కోప్పడలేదు. "మీకు ఏడు రేకులూ సమానంగానే వస్తాండెనా?" అన్నారు.

"వస్తాండె."

ఆయన ముఖం చిన్నబోయింది. "అయితే నేనే యాడో తప్పు ఎక్కించింటా. మళ్లీ మొదట్నుంచి చూస్తా" అని కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నారు. ఇన్నేళ్లు పెంచిన యంత్రాన్ని పక్కకు నెట్టి నా మాట నమ్మాడు పెద్దమనిషి. గుమ్మం దాకా పోయి ఆగాను.

"వద్దులే సారూ. ఏడోది వడ్లగింజంత ఎక్కువ వెడల్పు వస్తాండె. దాన్ని గోడవైపు తిప్పి పెడ్తాంటి."

"ముందే చెప్పకూడదా పెద్దాయనా! మూడు వారాలు పాయె."

"మీరు దాన్ని అడిగితిరి. నన్ను అడిగితిరా?"

ఆళ్లగడ్డ చేరేసరికి మావాడు ఇంకో రాయికి కాగితం అంటిస్తున్నాడు. ఏమైందని అడగలేదు. "తప్పేనంట" అని నేనే చెప్పాను. వాడు తల ఎత్తకుండా, "ఈ అంచు పట్టుకో పెద్నాయనా, గాలికి లేస్తాంది" అన్నాడు. పట్టుకున్నాను.